ప్యానెల్ సంగతి తర్వాత, ముందు బ్యాటరీ

చిరంజీవి శైలజకు,
మామయ్య ఆశీస్సులు.

పాడేరు పైన ముప్పై గడపల గూడేనికి సోలార్ కరెంటు పెట్టే పని నీకు అప్పగించారని తెలిసి సంతోషించాను. కానీ ఉత్తరం నిండా ఏ కంపెనీ ప్యానెల్ కొనాలన్న బెంగే ఉంది. పేరున్నది ఏది కొన్నా ఇరవై, ఇరవై అయిదేళ్లు నడుస్తుంది. నిన్ను ఏడిపించేది బ్యాటరీ.

లెడ్-యాసిడ్ బ్యాటరీని జాగ్రత్తగా చూసుకుంటే నాలుగైదేళ్లు వస్తుంది. నీళ్లు పోయడం మరిస్తే రెండేళ్లకే చేతులెత్తేస్తుంది. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ రకం చాలా ఎక్కువ కాలం మన్నుతుంది కానీ ధరా ఎక్కువే. ఏదైనా ఒకనాటికి మార్చక తప్పదు. ఆ రోజు డబ్బు ఎవరిస్తారు? బిహార్‌లోని ధర్నై గ్రామంలో 2014లో గ్రీన్‌పీస్ 100 కిలోవాట్ల సోలార్ గ్రిడ్ పెట్టినప్పుడు దేశమంతా చెప్పుకున్నారు. తర్వాత మామూలు లైను కరెంటు చౌకగా వచ్చింది, సోలార్ గ్రిడ్ బ్యాటరీలు పాడయ్యాయి, మార్చే నాథుడు లేడు. అందుకే మొదటి దీపం వెలగకముందే గూడెం పేరున బ్యాంకు ఖాతా తెరిపించు. ఇంటింటికీ నెలకు ఇంతని వాళ్లచేతే నిర్ణయింపజెయ్యి. కొంచెమైనా సరే, ఉచితం మాత్రం వద్దు. ఆ గూడెం గదబ, పోర్జ వంటి ఆదిమ తెగలదైతే 2023లో మొదలైన పీఎం జన్‌మన్ అనే కేంద్ర పథకం కింద సోలార్‌కు సాయం ఇంకా ఉందేమో, గిరిజనాభివృద్ధి సంస్థ ఐటీడీఏలో అడిగి చూడు. సాయం వచ్చినా నెలసరి చందా ఆపవద్దు.

ఇక లెక్క. ఇంటికి 9 వాట్ల దీపాలు మూడు, రోజుకు అయిదు గంటలు: వాట్లను గంటలతో గుణిస్తే 135 వాట్-అవర్లు. ఫోన్లకు 20. తక్కువ కరెంటు తినే 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్ ఎనిమిది గంటలు తిరిగితే 240. మొత్తం 400కు కాస్త తక్కువ. 12 వోల్టుల, 100 ఏహెచ్ (ఆంపియర్-అవర్ల) బ్యాటరీలో, రెండూ గుణిస్తే, 1200 వాట్-అవర్లు ఉంటుంది, కానీ లెడ్-యాసిడ్‌లో సగానికి మించి వాడకూడదు. అంటే చేతికి 600, ఒకటిన్నర రోజు. పాత రకం 75 వాట్ల ఫ్యాన్ పెడితే అదొక్కటే ఆ 600నూ మింగేస్తుంది. కాబట్టి ఫ్యాన్లూ నువ్వే కొనిపెట్టు. శ్రావణంలో మబ్బు పట్టి రోజుల తరబడి ఎండ కనిపించదు. అప్పుడు దీపాలూ ఫోన్లే, ఫ్యాను ఉండదని ముందే చెప్పు. తర్వాత చెబితే మోసం అంటారు, అనడంలో తప్పూ లేదు.

ఎవరింటి అల్లుడో మిక్సీ తెస్తాడు, తప్పకుండా తెస్తాడు. తిట్టవద్దు, కరెంటు మరీ ఎక్కువ లాగితే తనంతట తానే ఆపేసే స్విచ్, ఎంసీబీ, ప్రతి ఇంటికీ పెట్టు. రాగులు, సామలు ఆడించడానికి విడిగా ఒక పిండిమర పెట్టించు. ఎండ ఉన్నప్పుడే తిరుగుతుంది, దానికి బ్యాటరీ అక్కర్లేదు. ఆడవాళ్లకు దీపంకన్నా అదే ఎక్కువ సాయం అని నా అభిప్రాయం.

మరమ్మతు నేర్పడానికి చురుకైన కుర్రాణ్ణి వెతక్కు. పని వచ్చాక విశాఖ బస్సెక్కుతాడు. రాజస్థాన్‌లోని తిలోనియాలో బేర్‌ఫుట్ కాలేజీ వాళ్లు బడికి వెళ్లని మధ్యవయసు స్త్రీలకు రంగుల గుర్తులతో ఆరు నెలల్లో ఈ పని నేర్పారు. గూడెంలో ఇద్దరు ఆడవాళ్లను ఎంచుకో, చందా డబ్బులోంచే జీతమివ్వు. డిస్టిల్డ్ వాటర్ గీత దాకా పోయడం, తీగ బిగించే టెర్మినల్ మీద పట్టిన తెల్లటి పొడిని వేడినీళ్లతో కడిగి, ఆరాక వాజెలిన్ రాయడం వాళ్ల చేతులమీదే జరగాలి. నువ్వు చేసి చూపించి వచ్చేస్తే సరిపోదు. బ్యాటరీ గాలి ఆడే చోట ఉండాలి, పొయ్యి దగ్గర వద్దే వద్దు. పాతవాటిని తుక్కువాడికి అమ్మనివ్వకు. వాగు పక్కన పగలగొడితే సీసం నీళ్లలో కలుస్తుంది. కొత్తది కొన్న దుకాణంలోనే ఇచ్చెయ్యి.

ప్యానెల్‌ను దక్షిణానికి వాలుగా పెట్టు. ముందు పొద్దున తొమ్మిదికి, సాయంత్రం మూడింటికి నీడ ఎక్కడ పడుతోందో చూడు. ప్యానెల్ మూల మీద పనస కొమ్మ నీడ పడినా కరెంటు బాగా పడిపోతుంది. ధనుర్మాసంలో సూర్యుడు ఇంకా దక్షిణానికి వాలతాడు, అదీ లెక్క వేసుకో.

ఏ ఇంట్లో ఏమేం వాడతారో రాసి పంపు. అది చూశాకే బ్యాటరీకి ఆర్డరు పెట్టు.

మీ మామయ్య