వెచ్చని సూపా? వేడి సూపా?

సందేహం: చలికాలం వస్తోంది కదా అని ఇల్లూ వంటా గురించి ఒక చిన్న వ్యాసం రాశాను. అందులో "వెచ్చని దుప్పటి కప్పుకొని, వెచ్చని ఇంట్లో కూర్చుని, వెచ్చని సూప్ తాగుతుంటే" అని ఒక వాక్యం ఉంది. మా అమ్మ చదివి, "సూప్ వెచ్చగా ఉండటమేమిటే, చల్లారిపోయిందా?" అంది. వేడికీ వెచ్చనకీ నిజంగా అంత తేడా ఉందా? గోరువెచ్చన, నులివెచ్చన ఒకటేనా? పనిలో పనిగా శీతకాలమా, శీతాకాలమా అన్నది కూడా చెప్పండి. (ఒక పాఠకురాలు)

సమాధానం: అమ్మా, ముందు చిన్నవి తేల్చేస్తాను. సంస్కృత సమాసంగా చూస్తే శీతకాలమే సరి. వర్షాకాలం, వానాకాలం, ఎండాకాలం అనే మాటల పక్కన పలికీ పలికీ దానికీ మనవాళ్ళు దీర్ఘం తగిలించారు. శీతాకాలం ఇప్పుడు స్థిరపడిపోయింది, దాన్ని కదపక్కర్లేదు. నన్నడిగితే చలికాలం అనండి, హాయిగా ఉంటుంది. గోరువెచ్చన, నులివెచ్చన అర్థంలో దాదాపు ఒకటే. వేలు ముంచితే గోటికి తెలిసేంత వేడి గోరువెచ్చన అని పెద్దలు చెప్పే మాట. నులి అంటే ఇక్కడ కొద్దిపాటి అని. ఈ నులివెచ్చనతో మాత్రం పని ఉంది, మళ్ళీ వస్తాను.

ఇక అసలు ప్రశ్న. మీ అమ్మగారి చెవి మంచిది.

జ్వరం వచ్చిందేమోనని పిల్లవాడి నుదుటి మీద చెయ్యి వేసి చూసే తల్లి మాట వినండి. "కాస్త వెచ్చగా ఉంది" అంటే ఇంకా కంగారు లేదు. "వేడిగా ఉంది" అంటే మందు వెతుకుతుంది. "ఒళ్ళు కాలిపోతోంది" అంటే ఇంటిల్లిపాదికీ టెన్షన్. థర్మామీటర్ ఇంట్లోకి రాకముందే భాషలో మూడు మెట్లు కట్టి ఉన్నాయి. పొయ్యి మీంచి దించిన పాలు గ్లాసులో పోసుకోండి. మొదట గ్లాసును అంచు దగ్గర రెండు వేళ్ళతో పట్టుకుంటారు, అదీ ఒక వేలు మార్చి ఒక వేలుతో. అది వేడి. నాలుగు గుక్కలు తాగేసరికి అదే గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇముడ్చుకుంటారు, వదలబుద్ధి కాదు. అది వెచ్చన. ఒకటి దూరంగా ఉండమంటుంది, ఇంకోటి దగ్గరికి రమ్మంటుంది. అందుకే దుప్పటి, పక్క, కౌగిలి, ఇల్లు వెచ్చగా ఉంటాయి. అన్నం, కూర, కాఫీ వేడిగా ఉంటాయి. వెచ్చన అంటే తక్కువ వేడి అని నిఘంటువు చూసి సరిపెట్టుకుంటే సగమే అందుతుంది. ఒంటికి హితమైన వేడి అన్నది మిగతా సగం.

తిండి దగ్గర వెచ్చ అనే మాట లేదా అంటే, ఉంది. పొద్దున వండిన కూర రాత్రికి వెచ్చబెడతాం. అంటే ఒకసారి చల్లారినదానికి మళ్ళీ కాస్త ప్రాణం పోయడం. మీ అమ్మగారికి "వెచ్చని సూప్" అనగానే చల్లారిన సూప్ తోచడానికి కారణం ఇదే అనుకుంటాను. ఆవిడ ఆ మాటను వంటింట్లో వాడుతూ పెరిగిన మనిషి.

వేడి, వెచ్చన ఒక తల్లి బిడ్డలే. "వే" అని ఒక చిన్న పాత ధాతువు ఉంది, మండు, కాగు అనే అర్థంలో. వేడి, వేడిమి, వెట్ట, వెచ్చన, వేగడం, వేచడం, వేపుడు అన్నీ దాని సంతానం. వేసవి, వేసంగి కూడా. తమిళులు ఎండను వెయిల్ అంటారు, కాగిన నీళ్ళను వెన్నీర్ అంటారు. మన వేన్నీళ్ళు అదే మాట. "వేన్నీళ్ళకు చన్నీళ్ళు తోడు" అన్నప్పుడు చన్నీళ్ళలో ఉన్నది చలి, చల్లన, చల్ల, చల్ది అనే మాటల్లోని "చల్". కన్నడంలో మన వకారం బకారం అవుతుంది. మన వేరు వాళ్ళకు బేరు, మన విల్లు బిల్లు. అలాగే మన వెచ్చన వాళ్ళ బెచ్చనె, మన వేసవి వాళ్ళ బేసిగె. చూడవలసింది ఏమిటంటే, అక్కడా భోజనం బిసిగా, అంటే వేడిగా ఉంటుంది, దుప్పటి బెచ్చగా ఉంటుంది. మీ అమ్మగారి అభ్యంతరం కన్నడ తల్లికి కూడా వచ్చి ఉండేది. ఇంత పాత తేడాను ఒక్క తరంలో పోగొట్టుకోవడం నాకు బాధగా ఉంటుంది. (ఇంటి వెచ్చాలు అన్నప్పటి వెచ్చం వేరు. అది వ్యయం నుంచి వచ్చింది, దానికి వేడితో చుట్టరికం లేదు.)

ఇప్పుడు నాకు ఇష్టమైన చోటికి తీసుకెళ్తాను. చలికాలపు భోజనం గురించి రాసేవాళ్ళు ఎవరైనా ఒకసారి కృష్ణదేవరాయల ఆముక్తమాల్యద తెరవాలని నా కోరిక. 1509 నుంచి 1529 దాకా రాజ్యం చేసిన చక్రవర్తి, వంటింటి పొగ ఎటు పోతుందో, ఏ ఋతువులో విస్తరిలో ఏం పడుతుందో ఇంత దగ్గరగా ఎప్పుడు చూశాడో అని నాకు చదివిన ప్రతిసారీ ఆశ్చర్యమే. మొదటి ఆశ్వాసంలో శ్రీవిల్లిపుత్తూరులో విష్ణుచిత్తుడనే విష్ణుభక్తుడు అతిథులకు పెట్టే భోజనాలు వర్ణిస్తాడు. వానాకాలానికి ఒక పద్యం, వేసవికి ఒకటి, చలికాలానికి ఒకటి.

వేసవి పద్యం ఎలా మొదలవుతుందో తెలుసా? "తెలి నులివెచ్చ యోగిరము" అని. ఓగిరం అంటే అన్నం. తెల్లని, నులివెచ్చని అన్నం. నులివెచ్చన అనే మాటను రాయలు ఎండాకాలానికి ఇచ్చాడు! బయట ఎండ మండిపోతుంటే పొగలు కక్కే అన్నం ఎవరు తింటారు? ఆవిరి పోయి, నోటికి తగలీ తగలనట్టుండే అన్నం, పలుచని అంబళ్ళు, చల్లని నీళ్ళు. ఆ పద్యంలోనే చివర "వేసవి" అనే మాట ఉంది. ఒకే ధాతువు మొదట్లో అదుపులో ఉన్న వేడిగా, చివర్లో అదుపు లేని ఎండగా రెండుసార్లు కనిపిస్తుంది. కవి దీన్ని కావాలని చేశాడని నేను అనను. భాష తనంతట తాను చేసే ఇలాంటి పనులు చూసినప్పుడే నాకు ఎక్కువ సంతోషం.

మరి చలికాలానికి ఏ మాట వాడాడు? అక్కడ వేడీ లేదు, వెచ్చనా లేదు. పద్యం "సీతునన్" అని ముగుస్తుంది, అంటే చలికాలంలో అని. (సీతాకాలం అని పలికేవాళ్ళను వెక్కిరించేవాళ్ళు ఆ సకారాన్ని ఒక్కసారి చూడాలి. సీతు అన్నది శీతానికి తద్భవం.) పద్యమంతా కాగుతూ ఉంటుంది, వేడి అనే మాట మాత్రం ఎక్కడా పడదు. కూర ఎలా ఉందట? మిరియాల పొడి వేసిన కూర, చట్టిలో "చుయ్య్" మనే చప్పుడు ఇంకా ఆరని కూర. పచ్చడి ఆవఘాటు ముక్కుకెక్కుతుంది, జలుబుకు మందేసినట్టు. నెయ్యి "చే సుఱుక్కను నేయి", చేతికి తగిలితే సురుక్కుమనే నెయ్యి. చెవికి ఒక వేడి, ముక్కుకు ఒక వేడి, వేలికి ఒక వేడి.

ఆ "ఆరని" దగ్గర ఒక్క క్షణం ఆగండి. కూర చల్లారింది అంటాం కదా. చల్లారడంలో ఉన్నది చల్, ఆరు. రాయలు కూర చల్లారలేదని చెప్పలేదు. కూర చప్పుడు ఆరలేదన్నాడు. వంటింట్లో నిలబడి తాలింపు విన్నవాడు తప్ప ఆ మాట రాయలేడు. తాలింపు పెట్టిన మూకుడు దించి పక్కన పెట్టాక రెండు మూడు క్షణాలు అది లోలోపల గొణుగుతూనే ఉంటుంది. ఆ రెండు మూడు క్షణాల్లో వడ్డన జరిగిపోయిందని మనకు ఆ ఒక్క చప్పుడు చెప్పేస్తుంది. పొయ్యికీ విస్తరికీ మధ్య దూరం లేదన్నమాట.

అదే చోట ఇంకో పద్యం. విష్ణుచిత్తుడి ఇంట్లో నడిరేయి చెవి పెట్టి వింటే హరికథలతోపాటు ఒక మాట వినిపిస్తుందట: "నాస్తి శాకబహుతా, నాస్త్యుష్ణతా". కూరలు ఎక్కువ లేవు, వేడిగా లేదు, దయచేసి భోంచేయండి అని. అర్ధరాత్రి వచ్చిన అతిథికి చెప్పే క్షమాపణల్లో కూరల కొరత తరువాత వెంటనే వచ్చింది వేడి కొరతే. భోజనానికి వేడి ఒక మర్యాద. దాన్ని నులివెచ్చన చేసి చలికాలం వ్యాసాల్లో పెట్టడం నాకు మింగుడు పడదు.

ఈ సందర్భంలో ఒక మాట కాస్త గట్టిగానే అంటాను. మీ మీద కాదు. ఈమధ్య వంటల వ్యాసాల్లో, వీడియోల్లో ఏది చూసినా "వేడి చేయండి", "వేడి వేడిగా సర్వ్ చేయండి" తప్ప ఇంకో మాట వినపడదు. పాలు వేడి చేయమంటే ఏం చేయాలి? కాచాలా, మరిగించాలా, వెచ్చబెట్టాలా? మూడూ వేరు వేరు పనులు. పాలు కాగితే పొంగుతాయి, మరిగితే చిక్కబడతాయి, వెచ్చబెడితే తాగడానికి వస్తాయి. చదివి వంట చేసేవాళ్ళకు ఇది అలంకారం కాదు, అవసరం. నూనె కాగుతుంది, ఎసరు మరుగుతుంది, పప్పు కుతకుత ఉడుకుతుంది, ముక్క వేగుతుంది, రొట్టె కాలుతుంది. ఇన్ని క్రియలు చేతిలో ఉండగా అన్నిటికీ "హీట్ చేయండి" అనో, దాన్నే తెలుగు చేసి "వేడి చేయండి" అనో సరిపెట్టేస్తే, పిల్లలకు మాటే కాదు, పనిలో తేడా కూడా అందదు. చలి కాచుకోవడం అన్న మాట ఎంత మంది చిన్నవాళ్ళ నోట వింటున్నాం? అందులోని కాచడం పాలు కాచడంలోనిదే. తమిళులూ "కుళిర్ కాయ్" అని సరిగ్గా ఇలాగే అంటారు. కాచుకునేది మనల్ని, మాటలో పెట్టింది చలిని. ఎంత చక్కని పలుకుబడి! హీటర్ ముందు కూర్చున్నా చలి కాచుకుంటున్నాం అనవచ్చు, ఏ తప్పూ లేదు.

"వెచ్చని శుభాకాంక్షలు", "వెచ్చని స్వాగతం" అనేవి మీ వ్యాసంలో లేవు గానీ, ఈ చలికాలపు సందేశాల్లో తప్పక వస్తాయి కనుక చెబుతున్నాను. అవి ఇంగ్లీషు మంచు దేశం నుంచి వచ్చిన వెచ్చనలు. మనకు ప్రేమ చల్లనిది. చల్లగా ఉండమని దీవిస్తాం, చల్లని తల్లి అంటాం, కడుపు చల్లగా అంటాం. మనిషి వేడి మీద ఉన్నాడంటే పక్కకు తప్పుకుంటాం. ఆప్యాయంగా రమ్మంటే చాలు కదా, వెచ్చగా రమ్మనడం ఎందుకు? వెచ్చని కౌగిలి, వెచ్చని కన్నీరు మాత్రం మనవే. అవి నిజంగా ఒంటికి తగిలే వెచ్చనలు.

మరి మీ వాక్యం సంగతి. దుప్పటికీ ఇంటికీ వెచ్చన చక్కగా అతికింది. సూప్ దగ్గర నేనైతే వేడి సూప్ అనో, పొగలు కక్కే సూప్ అనో రాస్తాను. వెచ్చని సూప్ తప్పు అని కొట్టివేయను. రాయలంతటివాడు అన్నానికి నులివెచ్చ అన్నాడు, వెచ్చవెచ్చని అన్నం అనే మాట నేనూ వింటూనే ఉన్నాను. పైగా మూడుసార్లు వెచ్చన అనడంలో మీరు ఒక ఊపు కోరుకున్నారని అర్థమవుతోంది. ఆ ఊపు వదులుకోలేకపోతే వెచ్చన్ని సూప్ మీంచి తీసి కప్పు మీద పెట్టండి: "వెచ్చని కప్పు రెండు చేతుల్లో పట్టుకుని" అని. లేదూ, మీరు తాగింది నిజంగానే ఆవిరి పోయి, గటగటా తాగగలిగేంత ఆరిన సూప్ అయితే, మీ వాక్యం అలాగే ఉండనివ్వండి. పొయ్యి మీంచి దించగానే తాగారా, ఆరనిచ్చి తాగారా అన్నది మీకే తెలియాలి. మొదటిదైతే నా ఓటు మీ అమ్మగారికి.