కాలిక్యులేటర్ ఇచ్చేసి "నాకింక పనిలేదు" అన్నాడు

ప్రశ్న: మేడమ్, నేను హైదరాబాద్ శివార్లలోని ఒక ఇంజినీరింగ్ కాలేజీలో థర్డ్ ఇయర్ చదువుతున్నాను. హాస్టల్లో రూముకు ముగ్గురం. నెల రోజులుగా మాలో ఒకడు మనిషే మారిపోయాడు. నాలుగు బ్యాక్‌లాగ్స్ (తప్పిన సబ్జెక్టులు) ఉన్నాయి, అటెండెన్స్ 60 శాతం దగ్గరకు పడిపోయింది, డిటెయిన్ అయితే ఫీజు రీయింబర్స్‌మెంట్ పోతుందని, నాన్నకు ఏ మొహం పెట్టుకుని చెప్పాలని ఒకటే దిగులు. రాత్రి మెస్‌కు రాడు. బకెట్లో నానబెట్టిన బట్టలు మూడు రోజులైనా అలాగే ఉంటాయి. ఇంటి నుంచి ఫోన్ వస్తే మాత్రం "తిన్నా నాన్నా, బాగున్నా" అని హుషారుగా మాట్లాడి, ఫోన్ పెట్టేసి గోడవైపు తిరిగి పడుకుంటాడు. మొన్న తన కాలిక్యులేటర్ నా చేతిలో పెట్టి "ఉంచుకోరా, నాకింక పనిలేదు" అన్నాడు. ఇంకోసారి "నేను లేకపోయినా ఎవరికీ నష్టం లేదులే" అన్నాడు. ఈ సంగతులు ఎవరికీ చెప్పనని నాతో ఒట్టు వేయించుకున్నాడు. సూటిగా అడిగితే లేని ఆలోచన నేనే పెట్టినట్టవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. కాలేజీలో కౌన్సెలర్ కూడా లేరు. ఏం చేయమంటారు?
(పేరు వద్దు, కరీంనగర్ జిల్లా)

జవాబు: తమ్ముడూ, పత్రిక వచ్చేదాకా ఆగే విషయం కాదు కాబట్టి నీ ఉత్తరం అందిన రోజే నీతో ఫోన్లో మాట్లాడాను. ఇలాంటి రూమ్మేట్, ఇలాంటి అన్నో చెల్లో ఉన్న మిగతావాళ్ల కోసం అదే ఇక్కడ రాస్తున్నాను.

ముందు నీ భయం సంగతి. అడిగినంత మాత్రాన లేని ఆలోచన పుట్టదు. మనసులో అది ఉన్నవాడికి ఎవరైనా అడగడమే పెద్ద ఊరట, ఎందుకంటే అప్పటిదాకా ఒక్కడే మోస్తున్నాడు. రూములో మూడోవాడి ముందు అడగకు. తొమ్మిదింటికి టీ తాగొద్దాం రా అని బయటికి తీసుకెళ్లు. ఎదురెదురుగా కూర్చుంటే నోరు పెగలని వాళ్లు కూడా పక్కపక్కన నడుస్తుంటే మాట్లాడతారు, ఇది నేను ఏళ్ల తరబడి చూస్తున్నదే. చూసింది చూసినట్టు చెప్పు: "రాత్రుళ్లు తినట్లేదు, కాలిక్యులేటర్ ఇచ్చేశావు, నాకు భయంగా ఉందిరా. చచ్చిపోవాలనిపిస్తోందా?" అని సూటిగా ఆ మాటతోనే అడుగు. "పిచ్చి పనులేం చేయవు కదా" అని అడిగితే ఎవరైనా "లేదులే" అనే అంటారు, ఆ ప్రశ్నలోనే జవాబు ఉంది మరి.

అవునంటే కంగారుపడి "ఛీ, అవేం మాటలు, మీ అమ్మను తలచుకో" అనకు. అమ్మను తలచుకునే కదా వాడు కుమిలిపోతున్నది. కాసేపు విను. ఆ రాత్రి ఒంటరిగా వదలొద్దు. టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం మొదలుపెట్టిన ఉచిత మానసిక ఆరోగ్య సేవ ఇది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. ముందు కౌన్సెలర్ మాట్లాడతారు, అవసరమైతే మానసిక వైద్య నిపుణులకు కలుపుతారు. వాడు మాట్లాడనంటే వాడి గురించి నువ్వే చేసి అడగొచ్చు, ఈ సంగతి చాలామందికి తెలియదు. ఈ రాత్రే ఏదైనా చేసుకుంటాడన్న అనుమానం ఉంటే మాత్రం ఫోన్లతో కాలయాపన వద్దు, వార్డెన్‌ను లేపి, 108 పిలిచి, దగ్గర్లోని ఆసుపత్రి క్యాజువాలిటీకి తీసుకెళ్లండి.

ఇక ఒట్టు. అది తీసి గట్టున పెట్టు. "నీ బ్యాక్‌లాగ్స్ సంగతి, ఇంటి సంగతి ఎవరికీ చెప్పను, నీ ప్రాణం సంగతి మాత్రం దాచలేను" అని వాడి మొహం మీదే చెప్పు. నాలుగు రోజులు నీతో మాట్లాడకపోవచ్చు. మాట్లాడకపోనీ. ఇంట్లో ఎవరు నెమ్మదస్తులో, అక్కో బాబాయో, వాడినే అడిగి వాళ్లకు చెప్పు. నాన్నకు చెప్పాల్సి వస్తే మార్కుల దగ్గర మొదలుపెట్టొద్దు, "వాడికి ఒంట్లో బాగోలేదు, మీరొకసారి రండి" అంటే చాలు.

కాలేజీలో కౌన్సెలర్ లేరని రాశావు కానీ అడగడానికి మొహమాటపడకు. విశాఖలో నీట్ కోచింగ్ తీసుకుంటూ చనిపోయిన ఒక అమ్మాయి తండ్రి న్యాయం కోసం చేసిన పోరాటం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2025 జులై 25న కోర్టు దేశమంతటికీ మార్గదర్శకాలు ఇచ్చింది. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సెలరో సైకాలజిస్టో కనీసం ఒకరు ఉండాలని అందులో ఉంది. ఏ లెక్చరర్‌కో ఖాళీ పీరియడ్ ఉంటే వాళ్లకే "స్టూడెంట్ కౌన్సెలర్" అని బోర్డు తగిలించే కాలేజీలు నాకు తెలుసు, అది కౌన్సెలింగ్ కాదు. నువ్వొక్కడివే వెళ్లే బదులు పదిమంది కలిసి ప్రిన్సిపాల్‌కు రాతపూర్వకంగా ఇవ్వండి.

"సైకియాట్రిస్టు దగ్గరికి వెళ్తే రికార్డుల్లోకెక్కి ఉద్యోగం రాదు" అని వాడు అంటాడు, దాదాపు అందరూ అంటారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం ఆ వివరాలు గోప్యంగా ఉంచాలి. అడిగిన కంపెనీకల్లా తీసిచ్చేవి కావు. హైదరాబాద్‌లో ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆసుపత్రి ఉంది. ఆ పేరు చెప్తేనే నవ్వుకునే అలవాటు మనవాళ్లకుంది, అది చాలా తప్పు. నిద్ర పట్టక, దిగులుతో ఓపీ చీటీ తీసుకుని కూర్చునేవాళ్లలో మామూలు ఉద్యోగస్తులు, నీ వయసు పిల్లలు ఎంతోమంది ఉంటారు.

బ్యాక్‌లాగ్స్ సంగతి నిద్ర, తిండి కాస్త కుదుటపడ్డాకే. ఎన్ని క్రెడిట్లు తక్కువ, సప్లీ ఎప్పుడు, మెడికల్ సర్టిఫికెట్ మీద అటెండెన్స్ కండోనేషన్ (తక్కువైన హాజరుకు మినహాయింపు) వస్తుందా అని మీ హెచ్‌ఓడీ దగ్గరికి వాడితో పాటు నువ్వూ వెళ్లి కనుక్కో. కొండంత అనుకున్నది కాగితం మీద పెడితే రెండు సెమిస్టర్ల పనిగా తేలొచ్చు. నువ్వు కూడా రాత్రంతా మేలుకుని కాపలా కాయకు, మూడో రూమ్మేట్‌ను కలుపుకో.

ప్రశ్న: మా అమ్మాయి విశాఖలో ఎమ్మెస్సీ చదువుతోంది. డిప్రెషన్ అని డాక్టరు మాత్రలు రాశారు. మూడు వారాలైంది, పెద్దగా తేడా లేదంటోంది. ఇవి అలవాటైపోతాయని బంధువులు భయపెడుతున్నారు. ఆపేయమని చెప్పనా?
(ఒక తల్లి, గుంటూరు జిల్లా)

జవాబు: వద్దమ్మా. డిప్రెషన్‌కు ఇచ్చే మాత్రలు జ్వరం బిళ్లలా పూటలో పనిచేయవు, నాలుగు నుంచి ఆరు వారాలు పట్టొచ్చు. వీటికి మత్తుమందుల్లాంటి వ్యసనం ఉండదు. కాకపోతే ఒక్కసారిగా ఆపేస్తే తల తిరగడం, చిరాకు, నిద్ర చెదరడం రావచ్చు. అది చూసి "చూశావా, అలవాటైపోయింది" అంటారు. బాగయ్యాక కూడా కొన్ని నెలలు వాడించి, డాక్టరే మెల్లగా తగ్గిస్తారు. ఈలోగా దిగులు ఎక్కువైనా, చనిపోవాలనే మాట వచ్చినా రివ్యూ తేదీ దాకా ఆగకుండా వెంటనే చూపించండి. మీ సందేహాలన్నీ కాగితం మీద రాసుకుని ఈసారి రివ్యూకు మీరూ వెళ్లండి. డాక్టరు గదిలోకి వెళ్లే ముందు మాత్రం "నేనూ రానా, బయట కూర్చోనా?" అని అమ్మాయినే అడగండి.