కోడికి యాంటీబాడీ జన్యువులు చాలా తక్కువ. మరి అన్ని రకాల యాంటీబాడీలు ఎలా తయారవుతాయి?

యాంటీబాడీలో భారీ గొలుసు, తేలిక గొలుసు అనే రెండు రకాల ప్రోటీన్ గొలుసులుంటాయి; వి, జె లాంటి జన్యు ముక్కలు కలిసి వాటిని తయారుచేస్తాయి. మనిషిలో భారీ గొలుసుకు పనిచేసే వి జన్యువులు నలభై దాకా ఉంటాయి. వాటిని మిగతా ముక్కలతో రకరకాలుగా కలిపితేనే చాలా వైవిధ్యం వచ్చేస్తుంది. కోడికి ఆ సౌకర్యం లేదు. తేలిక గొలుసులో పనిచేసే వి ఒక్కటే, జె ఒక్కటే. మనిషి తేలిక గొలుసుల్లో ఒకటైన కప్పా రకం కోడికి అసలే లేదు.

కానీ ఆ ఒక్క వి పక్కనే సుమారు 25 మిథ్యాజన్యువులు వరుసగా ఉంటాయి. సొంతంగా ప్రోటీన్ ఇవ్వలేవు కనుక చెత్త అనుకుంటాం, నిజానికి అదే అసలు నిధి! పిండ దశలో, యాంటీబాడీలు తయారుచేసే బి కణాలు మలద్వారం దగ్గరున్న బర్సా సంచిలోకి చేరతాయి. అక్కడ ఎయిడ్ అనే ఎంజైమ్ పనిచేసే వి జన్యువులో డీఎన్‌ఏ అక్షరమైన సైటోసిన్‌ను యురాసిల్‌గా మారుస్తుంది. ఆ దెబ్బను బాగుచేసేటప్పుడు కణం మిథ్యాజన్యువు నుంచి ఓ ముక్కను నకలు తీసి అతికిస్తుంది. దీన్నే జన్యు పరివర్తన అంటారు. మిథ్యాజన్యువులను తీసేస్తే అతుకులు ఆగిపోయి, ఒక్కో అక్షరమే మారే ఒంటరి ఉత్పరివర్తనాలు మొదలవుతాయి.

మరి ఎయిడ్ మిగతా జన్యువులను ఎందుకు పాడుచేయదు? యాంటీబాడీ జన్యువు పక్కనున్న, జన్యువు పనిని పెంచే ఎన్‌హాన్సర్ లాంటి డీఎన్‌ఏ భాగం దాన్ని అక్కడికే మళ్లిస్తుంది. ప్రయోగశాలలో పెంచే డీటీ40 అనే కోడి బి కణాల్లో ఆ భాగాన్ని తొలగిస్తే మార్పులు దాదాపు ఆగిపోయాయి.

కోళ్లఫారాల వాళ్లు భయపడే గంబోరో వైరస్ సరిగ్గా ఈ బర్సా బి కణాలనే చంపుతుంది. చిన్న వయసులో సోకితే ఆ తర్వాత వేసే టీకాలూ సరిగా పట్టవు.