దాడి వీడియో చూశాక వార్తలే మానేయాలా?

వందనాలు సిస్టర్. ప్రొద్దుటూరులో మీ సంఘం వాట్సాప్ గ్రూపుకి "మన కడప జిల్లాలోనే చర్చిపై దాడి" అని వీడియో వచ్చాక ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు, టీవీ వార్తలు మానేయాలా అని అడిగారు. మానక్కర్లేదు, చూసే పద్ధతి మార్చుకోండి.

వీడియో పైన జంట బాణం గుర్తుందా? ఉంటే అది కనీసం ఐదు ఫార్వర్డులు దాటి వచ్చింది. పంపినామెకూ మూలం తెలిసుండదు. షాపు బోర్డులు, బండి నంబర్లు కనబడేచోట ఆపి, స్క్రీన్‌షాట్ తీసి, ఫొటోతో వెతికే గూగుల్ లెన్స్‌లో పెట్టండి. అదే దృశ్యం పాత తేదీతో దొరికితే సంగతి తేలిపోయినట్టే. దొరక్కపోతే నిజమని కాదు, ఇంకా తేలలేదని.

పేపర్లో క్రియాపదం చూడండి. "కేసు నమోదు చేశారు" వేరు, "చేసినట్లు తెలిసింది" వేరు; మొదటిది ఖాయంగా చెప్పడం, రెండోది విన్నమాట. జిల్లా పేజీలో స్థలం తగాదాగా ఉన్నది టీవీ చర్చకొచ్చేసరికి మతం గొడవైపోవచ్చు. ఎదుటివాడు వచ్చాకే వాది మాట తేటపడుతుందని సామెతలు 18:17 చెబుతుంది. మనకు అనుకూలమైన వార్తకూ అదే కొలత. నిజానికి మనం ఎక్కువ జారేది అక్కడే.

తేలేదాకా ఫార్వర్డ్ చేయొద్దు. నిర్గమకాండము 23:1లో లేనివార్త "పుట్టింపకూడదు" అన్నచోట హెబ్రీ మాటకు ఎత్తుకోవడం, మోయడం అని అర్థం. "ప్రార్థించండి" అని కింద రాసినా మోత మోతే. ఊరి పేరు ఉంటే ముందు అక్కడి పాస్టర్ గారికి ఫోన్ చేయించండి.