అంతరిక్షంలో బరువే లేనప్పుడు ఉపగ్రహం బాడీకి ఇన్ని పరీక్షలు దేనికి?

మీరు మెకానికల్ మూడో సంవత్సరం చదువుతున్నానని చెప్పి అడిగింది ఇదీ: కక్ష్యలోకి వెళ్ళాక బరువే ఉండదు కదా, మరి ఉపగ్రహం బాడీని అంత గట్టిగా కట్టి, నెలల తరబడి ఊపి చూడటం దేనికి? కంప్యూటర్‌లో స్ట్రెస్ లెక్క సరిపోతే చాలదా?

నేను బెంగళూరులో పదకొండేళ్ళుగా చిన్న ఉపగ్రహాల స్ట్రక్చర్ల మీద పనిచేస్తున్నాను. చేరిన కొత్తలో నాకూ ఇదే అనుమానం. సగం జవాబు తేలికే. ఉపగ్రహం కక్ష్యలో ఏళ్ళ తరబడి తిరిగినా, దాని బాడీకి అసలు గండం రాకెట్ మీద గడిపే పదిహేడు, ఇరవై నిమిషాలు. ఆ కాస్త సేపూ గట్టెక్కితే తర్వాత దానికి పెద్దగా బరువు మోసే పని ఉండదు.

మిగతా సగమే కాలేజీలో సరిగ్గా చెప్పరు. మనకు అక్కడ ఎంతసేపూ 'ఎంత లోడుకు విరుగుతుంది' అన్న లెక్కే. ఇక్కడ మొదటి రోజే అడిగిన ప్రశ్న వేరు: 'ఎన్ని హెర్ట్జ్ దగ్గర ఊగుతుంది?' అంటే సెకనుకు ఎన్నిసార్లు అని.

పాత ఆర్టీసీ బస్సు స్టాండులో ఇంజన్ ఆపకుండా నిలబడి ఉంటే కిటికీ అద్దాలు దడదడలాడిపోతాయి, గుర్తుందా? డ్రైవర్ గేరు వేసి కదిలించగానే సద్దుమణుగుతాయి. ఇంజన్ ఇంకా గట్టిగా తిరుగుతున్నా సరే. అద్దం సొంత ఊపు, ఇంజన్ ఊపు కలిసినప్పుడే ఆ గోల. రాకెట్‌కూ అలాంటి సొంత ఊపులు ఉంటాయి. అందుకే ప్రతి రాకెట్ యూజర్ మాన్యువల్లోనూ ఉపగ్రహం మొదటి ఫ్రీక్వెన్సీ, అంటే దాని సొంత ఊపుల్లో అన్నిటికన్నా నెమ్మదైనది, ఇంతకంటే పైన ఉండాలని ఒక అంకె ఇస్తారు. మా డిజైన్ ఆ అంకె దగ్గరే మొదలవుతుంది. దాన్ని అందుకునేసరికి బలం చాలా చోట్ల దానంతటదే వచ్చేస్తుంది.

'అయితే రేకు మందం పెంచేద్దాం' అంటారేమో, నేనూ అన్నాను. మందం పెంచితే బరువూ పెరుగుతుంది, పైగా రాకెట్‌లో ప్రతి గ్రాముకూ లెక్క చెప్పాలి. అందుకే హనీకోంబ్ ప్యానెల్. రెండు పల్చటి అల్యూమినియం రేకులు, మధ్యలో తేనెపట్టు లాంటి అల్యూమినియం గూళ్ళు. ఆ మధ్య భాగం ఎత్తు రెట్టింపు చేస్తే, బరువు కొంచెమే పెరిగి, వంగకుండా నిలబడే గుణం దాదాపు నాలుగింతలవుతుంది. గూళ్ళ గోడలకు సన్నటి చిల్లులు కూడా ఉంటాయి. లేకపోతే లోపల చిక్కుకున్న గాలి శూన్యంలో చదరపు మీటరుకు పది టన్నుల చొప్పున రేకును లోపలి నుంచి నెడుతుంది.

దీంతో ఒక చిక్కుంది. ఈ ప్యానెల్‌కు స్క్రూ బిగించడమంటే అట్టపెట్టెకు స్క్రూ బిగించినట్టే. అందుకని రంధ్రం చేసి, ఇన్సర్ట్ అనే చిన్న లోహపు ముక్కను దించి, చుట్టూ ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు నింపుతాం. ఇన్సర్ట్ తలలో రెండు చిల్లులుంటాయి. ఒకదాంట్లో సిరంజితో ఎక్కిస్తే రెండో దాంట్లోంచి పొంగి బయటికి రావాలి. నా కథంతా ఇక్కడే జరిగింది.

మా మొదటి స్ట్రక్చరల్ మోడల్‌ను, అంటే పరీక్షల కోసం కట్టిన నమూనా బాడీని, షేకర్ టేబుల్ అనే ఊపే బల్ల మీద పెట్టాం. పద్ధతేమిటంటే, ముందు చాలా మెల్లగా ఊపి దాని ఫ్రీక్వెన్సీలు రాసుకుంటాం. తర్వాత పూర్తి స్థాయిలో ఊపుతాం. చివర్లో మళ్ళీ మెల్లగా ఊపి, రెండు గ్రాఫులనూ ఒకదాని మీద ఒకటి పెట్టి చూస్తాం. అవి ఒకేలా ఉంటే బతికినట్టు. మాకు మొదటి గ్రాఫులో 118 హెర్ట్జ్ దగ్గరున్న శిఖరం రెండోదాంట్లో 107కి దిగింది. బయట చూస్తే గీత కూడా లేదు. ఒక్క స్క్రూ వదులవలేదు. సాయంత్రం దాకా సెన్సార్లదే తప్పని వాదించాను, టెన్షన్‌లో అలాగే ఉంటుంది.

అనంతపురం నుంచి వచ్చిన ఒక సీనియర్ టెక్నీషియన్ అన్న జేబులోంచి రూపాయి బిళ్ళ తీసి ప్యానెల్ మీద టక్ టక్ మని కొట్టుకుంటూ పోయాడు. సంతలో కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి చూస్తారే, సరిగ్గా అలా. ఒక మూల దగ్గర ఆగి, "ఈడ మొద్దుగా పలుకుతాంది మేడమ్, వినండి" అన్నాడు. విన్నాను. అక్కడ ఇన్సర్ట్ కింద ఎపాక్సీ సగమే నిండింది. ఇన్సర్ట్ కదిలి కదిలి, చుట్టూ రేకును గూళ్ళ నుంచి ఊడదీసింది.

కారణం వెతికితే సిగ్గేసింది. కలిపిన ఎపాక్సీని ఇన్ని నిమిషాల్లోపే వాడాలని గడువుంటుంది. ఆ రోజు మధ్యలో టీకి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి అది చిక్కబడింది, ఆఖరి ఇన్సర్ట్‌లోకి సరిగ్గా ఎక్కలేదు. రికార్డు షీటులో టైము స్పష్టంగా రాసే ఉంది, కింద సంతకం నాదే. లెక్కలో మాత్రం ఆ ఇన్సర్ట్ నిక్షేపంగా ఉంది! ఎందుకంటే సాఫ్ట్‌వేర్‌కు ఎపాక్సీ సగమే నిండిందని ఎవరూ చెప్పలేదు. పాత ఇన్సర్ట్ తీసి, పెద్ద సైజుది వేసి, మళ్ళీ ఊపడానికి మూడు వారాలు పట్టింది. మీ రెండో ప్రశ్నకు నా జవాబు ఇదే.

ఇక ఊపడం ఎంత అంటే, నాసా సాధారణ ప్రమాణంలో 22.7 కిలోల లోపు బాక్సులకు అర్హత పరీక్ష 14.1 జీ ఆర్‌ఎంఎస్, అంటే ఒక రకం సగటున భూమి గురుత్వానికి పద్నాలుగు రెట్ల కుదుపు. 20 నుంచి 2000 హెర్ట్జ్ దాకా అన్నీ ఒకేసారి, ఒక్కో దిశలో రెండేసి నిమిషాలు. చిన్న, బరువైన బాక్సులకు ఇది పరీక్ష. సోలార్ ప్యానెళ్ళ లాంటి వెడల్పాటి తేలిక వస్తువులను మాత్రం రాకెట్ శబ్దమే ఊపేస్తుంది కాబట్టి, వాటిని పెద్ద హారన్లున్న గదిలో పెట్టి మోగిస్తారు. వేడి, చలి సంగతి వేరే. మీటరు పొడవున్న అల్యూమినియం వంద డిగ్రీల తేడాకు 2.3 మిల్లీమీటర్లు సాగుతుంది, కెమెరా పట్టుకున్న బాడీకి అది చాలా ఎక్కువ. అందుకే అక్కడ కార్బన్ ఫైబర్ వాడతారు.

రోడ్డును మాత్రం తేలిగ్గా తీసుకోకండి. గురుగ్రహానికి వెళ్ళిన నాసా గెలీలియో నౌక 1989లో బయల్దేరింది. 1991 ఏప్రిల్‌లో దాని గొడుగు లాంటి పెద్ద యాంటెన్నా తెరవబోతే పూర్తిగా విచ్చుకోలేదు. కాలిఫోర్నియా, ఫ్లోరిడాల మధ్య లారీలో తిప్పినప్పుడు పిన్నుల మీది పొడి కందెన అరిగిపోయి ఉంటుందని ఇంజనీర్లు తేల్చారు. మిషన్ మొత్తం చిన్న యాంటెన్నాతోనే నెట్టుకొచ్చారు. మా ఉపగ్రహాన్ని శ్రీహరికోటకు తీసుకెళ్ళినప్పుడు పెట్టెకు కుదుపులు నమోదు చేసే పరికరం కట్టి, లారీ వెనకే కారులో వెళ్ళాను. సూళ్ళూరుపేట చేరేదాకా ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా ప్రాణం పోయి వచ్చింది.

మీరు ఈ పనిలోకి రావాలనుకుంటే సాఫ్ట్‌వేర్ కోర్సుకు ముందు ఒకటి చేయండి. 30 సెంటీమీటర్ల స్టీలు స్కేలును బల్ల అంచుకు క్లాంపుతో బిగించి, 25 సెంటీమీటర్లు బయటికి వదలండి. దాని ఫ్రీక్వెన్సీ ఎంతో కాగితం మీద లెక్కగట్టండి. మందం ఒక మిల్లీమీటరైతే 13 హెర్ట్జ్ దగ్గర్లో వస్తుంది. తర్వాత వేలితో మీటి, ఫోన్‌లో స్లో మోషన్ వీడియో తీసి ఊపులు లెక్కపెట్టండి. సాధారణంగా లెక్కకన్నా తక్కువే వస్తుంది. ఆ తేడా బల్లదా, క్లాంపుదా, స్కేలు మందాన్ని మీరు కొలిచిన తీరుదా అని రెండు రోజులు కూర్చుని వెతకండి. ఉద్యోగంలో చేరాక మొదటి ఏడాదంతా మీకు ఇచ్చే పని అదే.