నానీ, ముందు ఆ హోటల్ రద్దు చెయ్యి

విశాఖపట్నం

నానీకి, అత్త ఆశీస్సులు.

సర్ఫింగ్ (బోర్డు మీద నిలబడి అలల మీద జారడం) నేర్చుకోడానికి శ్రీలంక వెళ్తానంటూ నువ్వు పంపిన ఆరుగం బే ఫొటోలు చూశాను. బాగున్నాయి. కానీ అవి ఏ జూలైలోనో ఆగస్టులోనో తీసినవై ఉంటాయి. నువ్వు వెళ్ళేదేమో డిసెంబరులో. ముందు అక్కడ నువ్వు తీసుకున్న హోటల్ రద్దు చేసి, మిగతాది తర్వాత చదువు.

శ్రీలంక చిన్నదే అయినా దానికి రెండు సముద్రాలున్నట్టే లెక్క. మే నుంచి సెప్టెంబరు దాకా నైరుతి గాలి దక్షిణ, పడమటి తీరాల మీదికి ఎదురుగా కొడుతుంది. అప్పుడు తూర్పున ఆరుగం బేలో అదే గాలి నేల మీంచి సముద్రం వైపు వీస్తుంది కాబట్టి అలలు నున్నగా లేస్తాయి. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా వ్యవహారం తారుమారు. తూర్పు తీరం ఈశాన్య వానల్లో తడుస్తుంటే దక్షిణాన వెలిగమ వైపు తేటగా ఉంటుంది. అందుకని ముందు నెల చూసుకుని, ఆ తర్వాతే ఊరు ఎంచుకోవాలి. నాకీ ముక్క చెప్పినవాళ్ళు లేరు. నలభై ఏడేళ్ళ వయసులో సర్ఫింగ్ నేర్చుకుంటానని జూలైలో వెలిగమ వెళ్ళి, ఆరు రోజులూ గదిలో మీ మావయ్యతో రమ్మీ ఆడి, అప్పాలు తిని వచ్చాను. రమ్మీలో కూడా ఓడిపోయాను.

డిసెంబరుకి నీకు ఆ వెలిగమే సరి. సింహళంలో వెలి అంటే ఇసుక, గమ అంటే ఊరు. మన ఇసకపల్లి అనుకో. పేరుకి తగ్గట్టే అడుగున ఇసుకే, పడినా ఒళ్ళు చీరుకోదు. పక్కనున్న మిదిగమలో అలలు ఇంకా అందంగా ఉంటాయిగానీ కింద రాతి దిబ్బలు, వాటి సందుల్లో ముళ్ళబంతుల్లాంటి సీ అర్చిన్లు. ఈసారికి ఒడ్డున కూర్చుని చూడు, చాలు.

కొలంబో ఫోర్ట్ స్టేషన్‌లో మాతర వైపు రైలెక్కితే వెలిగమలోనే దిగొచ్చు. కుడివైపు కిటికీ పట్టుకో, చాలా దూరం సముద్రం పట్టాల పక్కనే వస్తుంది. ప్రయాణానికి ముందే ఆన్‌లైన్‌లో ఈటీఏ అనే ప్రయాణ అనుమతి తీసుకోవాలి. ఆ నిబంధనలు మారుతుంటాయి, వాళ్ళ ప్రభుత్వ సైట్లోనే చూడు.

ఎనిమిది రోజులు లేకపోతే వెళ్ళకు. మొదటి రెండు రోజులూ నేర్చుకునేదేమీ ఉండదు, తెడ్డు వేసినట్టు చేతులతో నీళ్ళు తోసీ తోసీ భుజాలు పడిపోతాయి. మూడోరోజు అన్నం ముద్ద నోటిదాకా ఎత్తలేవు. ఆ రోజు సెలవిచ్చుకుని గాలె కోట చూసిరా. క్యాండీ, ఎల్ల కొండ ఊళ్ళంటూ మీ ఆవిడ వేసిన జాబితా ఇంకో ప్రయాణానికి దాచండి. పొద్దున్నే ఎండ ముదరకముందు గాలి నెమ్మదిగా ఉంటుంది, సముద్రంలో ఉండాల్సింది అప్పుడే.

బోర్డు అక్కడే అద్దెకి దొరుకుతుంది. మెత్తటి ఫోమ్ బోర్డు, తొమ్మిది అడుగులది ఇమ్మని అడుగు. నీ బరువుకి అంతకన్నా పొట్టిది మోయదు, కుర్రాళ్ళు పొట్టి బోర్డులతో తిరుగుతున్నారని రోషపడకు. తీసుకునేముందు నాలుగువైపులా వీడియో తీసుకో. ఎప్పటిదో పాత పగులు నా నెత్తిన రుద్ది ఓ దుకాణంవాడు డబ్బు వసూలు చేశాడు.

ఇక అసలు సంగతి. నీకు ఈత సరిగ్గా రాదు. బోర్డు ఉందిగా అనకు, కాలికి కట్టే లీష్ తాడు తెగితే నువ్వూ నీళ్ళూ మిగులుతారు. ఆగకుండా రెండొందల మీటర్లు ఈదగలిగాకే బయల్దేరు. రిప్ కరెంట్ (ఒడ్డు నుంచి సముద్రంలోకి పోయే ప్రవాహం) లోపలికి లాగితే ఒడ్డుకేసి ఎదురీదకు, ఒడ్డుకి సమాంతరంగా ఈది దాన్ని తప్పించుకుని అప్పుడు వెనక్కి రా. మన ఆర్కే బీచ్‌లో మునిగిపోయినవాళ్ళ వార్తలు నీకు కొత్తకాదు. పడినప్పుడు తల ముందుకి పెట్టి దూకకు, పైకి తేలేటప్పుడు చేతులు తలకి అడ్డం పెట్టుకో. దెబ్బలు ఎక్కువగా తగిలేది సొంత బోర్డుతోనే. అల విరగడం మొదలయ్యే చోటికి ఎవరు దగ్గరుంటే ఆ అల వాళ్ళది. మధ్యలో దూరితే తిట్లు ఏ భాషలో పడతాయో చెప్పలేను.

మీ ఆవిడ శాకాహారి కదా. అక్కడి పోల్ సంబోల్ చూడ్డానికి మన కొబ్బరి పచ్చడికి చెల్లెల్లా ఉంటుందిగానీ, అందులో ఎండుచేప పొడి తరచుగా కలుపుతారు. అడిగి వడ్డించుకోమను. పున్నమినాడు ‘పోయ’ అనే బౌద్ధుల సెలవు, ఆ రోజు దేశమంతా మందు అమ్మరు. నీ స్నేహితులకి ముందే చెప్పు, అక్కడికెళ్ళాక ఏడవకుండా.

ప్రయాణ బీమాలో సర్ఫింగ్ కూడా ఉందో లేదో చూసే కట్టు. ఈత క్లాసులో చేరిన రోజు ఫోన్ చెయ్యి. ఆ హోటల్ డబ్బులు వెనక్కొస్తాయో లేదో మాత్రం ఈ రాత్రికే తేల్చుకో.

మీ అత్త