మొదటి సదస్సు పేపరు: 38 స్లైడ్లను 12 నిమిషాల్లో ఎలా ఇమడ్చాలి?

పీహెచ్‌డీ రెండో ఏడాది, వచ్చే నెల ఉస్మానియాలో 15 నిమిషాల పేపరు, చేతిలో 38 స్లైడ్లు, ఇంగ్లిషులో మాట్లాడాలంటే వణుకు అని రాశారు. ముందు స్లైడ్ల సంగతి చూద్దాం. వణుకులో సగం అక్కణ్నుంచే పుడుతుంది.

15 నిమిషాలంటే సాధారణంగా మాట్లాడటానికి 12, ప్రశ్నలకు 3. ఫలితం చూపే స్లైడు ఒక్కొక్కటి నిమిషం, నిమిషంన్నర తినేస్తుంది. కాబట్టి శీర్షిక, మీ పేరు ఉన్న మొదటి స్లైడుతో కలిపి 10, మహా అయితే 12. మిగతావి పారెయ్యక్కర్లేదు, 'ధన్యవాదాలు' స్లైడు తర్వాత పెట్టుకోండి. ఎవరైనా అడిగితే పవర్‌పాయింట్‌లో ఆ స్లైడు నంబరు కొట్టి ఎంటర్ నొక్కితే నేరుగా అక్కడికే వెళుతుంది. ఏ నంబర్లో ఏముందో చిన్న చీటీ మీద రాసి దగ్గర పెట్టుకోండి.

ఏది ఉంచాలో తేలకపోతే, మీరు కనుక్కున్నదేమిటో తెలుగులో ఒక్క వాక్యం రాయండి. ఆ వాక్యానికి సాక్ష్యం కాని స్లైడు వెనక్కి వెళ్లాల్సిందే. ఎక్కువగా కోత పడాల్సింది సాహిత్య సమీక్షకే, అంటే మీ అంశం మీద ఇంతకుముందు వచ్చిన పరిశోధనల వివరానికే. సెమిస్టరుకోసారి రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ ముందు కూర్చున్నప్పుడు ఎంత చదివారో చూపించాలి, నిజమే. సదస్సులో వినేవాళ్లకు కావలసింది ఇప్పటిదాకా తేలనిదేమిటన్నదే. దానికి ఒక్క స్లైడు, రెండు మూడు పేపర్ల ప్రస్తావన చాలు.

గ్రాఫ్‌ల మీద మాత్రం ఎంత సమయం పెట్టినా వృథా కాదు. థీసిస్ కోసం గీసినదాన్ని అలాగే అతికిస్తే అక్షాల మీది అంకెలు మూడో వరుస దాటి కనబడవు. లేబుళ్లు 18 పాయింట్లకు తగ్గకుండా మళ్లీ గీయండి. ఆరు గీతలుంటే మీ వాదనకు కావలసిన రెండింటికే రంగు, మిగతావి బూడిద రంగు. పసుపు, లేతాకుపచ్చ ల్యాప్‌టాప్‌లో బాగానే ఉంటాయి. కిటికీ వెలుతురు పడే హాల్లో, పాత ప్రొజెక్టర్ మీద తెరలో కలిసిపోతాయి. చెప్పేటప్పుడు అడ్డంగా ఏముంది, నిలువుగా ఏముంది, ఒక్కో చుక్క దేనికి గుర్తు, ఆ తర్వాతే ఫలితం. ఈ 15 సెకన్లు మిగుల్చుకుందామని చూస్తే జనం మీ మాట వదిలేసి అక్షాలు చదువుకుంటూ ఉండిపోతారు. లేజర్ పాయింటర్ వాడితే మోచెయ్యి ఒంటికి ఆనించి పట్టుకోండి, చుక్క వణకదు.

ఇంగ్లిషు విషయానికొస్తే, మొదటి నిమిషం పూర్తిగా రాసుకుని కంఠతా పట్టండి. మధ్య భాగం పట్టొద్దు. ఒక్క మాట జారితే తర్వాతది గుర్తుకు రాదు. ఒక స్లైడు నుంచి ఇంకో స్లైడుకు తీసుకెళ్లే వాక్యాలు మాత్రం గట్టిగా గుర్తుండాలి. తెలుగు యాస గురించి దిగులు పడకండి. వినేవాళ్లకు అర్థం కానిది యాస వల్ల కన్నా వేగం వల్లే ఎక్కువ. మనసులో చదువుకుంటే 9 నిమిషాల్లో అయిపోయినట్టు అనిపించేది, నిలబడి పైకి చెబితే 14 అవుతుంది. అందుకే ఫోన్లో టైమర్ పెట్టి కనీసం నాలుగుసార్లు పైకి చెప్పాలి. అందులో ఒకటైనా సాయంత్రం క్లాసులయ్యాక, అటెండర్‌ని తాళం అడిగి మీ డిపార్ట్‌మెంట్ సెమినార్ హాల్లోనే, వేరే శాఖ స్నేహితుణ్ని ఆఖరి వరుసలో కూర్చోబెట్టి చెప్పండి.

'అను' అనే పాత తెలుగు ఫాంట్లలో టైపు చేసిన ఉదాహరణలుంటే యూనికోడ్‌లోకి మార్చండి. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో అక్షరాల బదులు పిచ్చి గుర్తులు పడతాయి. ఫాంట్లు పొదిగిన పీడీఎఫ్ కాపీ పెన్‌డ్రైవ్‌లోనూ మెయిల్లోనూ ఉంచుకోండి. మీ ల్యాప్‌టాప్‌కు సీ-టైప్ పోర్టు మాత్రమే ఉంటే హెచ్‌డీఎంఐకి, వీజీఏకి అడాప్టర్ మీరే తెచ్చుకోవాలి. తెర ఖాళీగా ఉంటే విండోస్ మీటతో పీ నొక్కి డూప్లికేట్ ఎంచుకోండి.

ప్రశ్న రాగానే దాన్ని మీ మాటల్లో ఒకసారి తిరిగి చెప్పండి. వెనకవాళ్లకూ వినిపిస్తుంది, మీకూ పది సెకన్లు దొరుకుతాయి. తెలియకపోతే ఊహించి చెప్పొద్దు, ఆ ఊహ మీదే రెండో ప్రశ్న వస్తుంది. "అది పరీక్షించలేదు, పరీక్షించాలంటే ఫలానా డేటా కావాలి" అంటే సరిపోతుంది. అడిగిన ప్రశ్నలన్నీ రాసిపెట్టమని ముందే ఒక స్నేహితుడికి చెప్పండి. వేదిక దిగేసరికి అవేవీ మీకు గుర్తుండవు, థీసిస్‌లో ఏ అధ్యాయం బలహీనంగా ఉందో పట్టిచ్చేది ఆ కాగితమే.